విదేశయాత్రకు సన్నాహము

చెన్నపట్టణమున విమానమెక్కినవాడు సుమారు గంటన్నరలో కొలంబో చేరును. విజయవాడనుండి హైదరాబాదునకు రైలులో పోవుటకైనను ఇంతకంటె నెక్కువ కాలము పట్టును. కొలంబోలో దిగిన పిమ్మట గడియారమును సవరించుకొన బనిలేదు. శ్రీలంక కాలమును మన కాలమును ఒక్కటే. అక్కడి నాణెమునకు కూడ రూపాయి యనియే పేరు, విలువ మాత్రము వేరు. ఇంత దగ్గరగా ఉన్నను అది విదేశము. పొరుగూరి పెండ్లికి పోయినట్లు సంచి భుజమున వేసికొని బయలుదేరుటకు వీలులేదు. దూరము తక్కువ యని సన్నాహమును తక్కువ చేసికొన్నవారు చిక్కుల పాలగుట తరచుగా జరుగును. కావున విదేశయాత్రకు ఎట్లు సిద్ధపడవలెనో తెలిసికొనుటకు శ్రీలంకయే మంచి ఉదాహరణము.

యాత్రాసన్నాహము తెలుగువారికి క్రొత్తవిద్య కాదు. 1830వ సంవత్సరమున చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య పెద్ద పరివారముతో ప్రయాణము చేసెను. మజిలీకిని మజిలీకిని ఎంత దూరము, ఎక్కడ ఏ వసతి కలదు, ఎక్కడ సరకులు దొరకును అను విషయములను ఆయన వ్రాసి పెట్టెను. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ ఇట్లు పుట్టినదే. ఆనాడు యాత్రాభారమునంతయు యాత్రికుడే మోయవలసి యుండెను. ఆ భారమును మఱియొకరికి అప్పగించు పద్ధతికి దారితీసిన ప్రయాణము మఱి పదునొకండు సంవత్సరములకు ఇంగ్లండులో జరిగెను. 1841 జులై 5వ తేదీన థామస్ కుక్ అను నతడు సుమారు ఐదువందల మందిని ప్రత్యేకపు రైలులో లీస్టరు పట్టణమునుండి లఫ్‌బరో పట్టణమునకు తీసికొనిపోయెను. వారందరును మద్యపాన నిషేధ సభకు పోవు జనము. తలకు ఒక షిల్లింగు రుసుము. ఆ చిన్న ప్రయాణమే క్రమముగా పెరిగి, 1855లో ఐరోపా ఖండమునకును, 1872లో భూప్రదక్షిణమునకును దారితీసెను. నేడు మనము ‘ప్యాకేజీ టూరు’ అని పిలుచు బృందపర్యటనకు మూలము ఇదియే.

బృందపర్యటనలో సౌకర్యము మెండు. విమానపు టిక్కెట్టు, హోటలులో గది, తిరుగుటకు బండి, చూపించుటకు గైడు, వేళకు భోజనము, ఇవన్నియు ఒక్క రుసుములో ఇమిడి యుండును. భాష తెలియనివారికిని, వృద్ధులకును, మొదటిసారి దేశము దాటువారికిని ఇది మేలైన మార్గము. దీనిని చులకనగా చూచుట కొందరికి వేడుక. రాత్రివేళ తెలియని ఊరిలో పెట్టెలు మోసికొని బసకై వెదకినవారు మాత్రము అట్లు చూడరు.

ఐనను భారము మఱియొకరికి అప్పగించినంత మాత్రమున బాధ్యత తీరదు. అంతటి ప్రఖ్యాతి గాంచిన థామస్ కుక్ సంస్థయే 2019 సెప్టెంబరు 23న దివాలా తీసెను. ఆ దినమున ఆ సంస్థను నమ్మి విదేశములకు వెళ్ళిన బ్రిటిషు యాత్రికులు లక్షా యేబదివేలకు పైగా నుండిరి. వారిని స్వదేశమునకు చేర్చుటకు బ్రిటిషు ప్రభుత్వము విమానములను ఏర్పాటు చేయవలసి వచ్చెను. (భారతదేశమున అదే పేరుతో నడచు సంస్థ అప్పటికే వేరుపడినది, దానికి ఈ దివాలాతో సంబంధము లేదు.) కావున రుసుము చెల్లించుటకు ముందు ఏయే ఖర్చులు అందులో చేరినవి, ఏవి చేరలేదు, ప్రయాణము రద్దయినచో సొమ్ము ఎంత తిరిగి వచ్చును, బీమా కలదా అను ప్రశ్నలకు కాగితముపై సమాధానము పొందవలెను. నోటిమాట చాలదు. తిరుగు ప్రయాణమునకు సరిపడు ధనమును వేరుగా దాచుకొనుట కూడ మంచిది.

ఇక కాగితముల సంగతి. పాసుపోర్టు పెద్దలకు సాధారణముగా పది సంవత్సరములకు ఇత్తురు. పిల్లలకు ఐదు సంవత్సరములకు గాని, పదునెనిమిదేండ్లు నిండువరకు గాని, ఏది ముందైన అంతవరకే అది చెల్లును. తమ పాసుపోర్టు చెల్లుచున్నది గదా యని పిల్లల దానిని చూడని తలిదండ్రులు విమానాశ్రయమునుండి వెనుదిరుగవలసి వచ్చును. యాత్రనాటికి పాసుపోర్టునకు కనీసము ఆరు నెలల గడువు మిగిలి యుండవలెనని చాల దేశములు కోరును. వీసా నియమములు తరచుగా మారుచుండును. పోయిన ఏడు వెళ్ళివచ్చిన బంధువు మాట ఈ యేటికి ప్రమాణము కాదు. ఆ దేశపు ప్రభుత్వము వెలువరించిన ప్రకటననే చూచుకొనవలెను. నిత్యము వాడు మందులను వైద్యుని చీటితో సహా చేతిసంచిలో ఉంచుకొనవలెను.

ఈ పనులన్నియు ఏ దేశమునకైనను ఒక్కటే. తరువాత వచ్చు ప్రశ్నయే కష్టమైనది. ఏమి చూచుటకు పోవుచున్నాము? ఎప్పుడు పోవలెను?

శ్రీలంకలో సిగిరియా అను కొండకోట కలదు. క్రీస్తుశకము 5వ శతాబ్దమున కాశ్యపు డను రాజు తండ్రిని చంపి రాజ్యమునకు వచ్చి, తమ్మునికి వెరచి, మైదానమున నిలువుగా లేచియున్న ఆ శిలపై రాజధానిని కట్టుకొనెను. సుమారు 1,200 మెట్లెక్కి పైకి పోవలెను. క్రిందనున్న ఉద్యానములలోని నీటిబుగ్గలు ఎట్లు పనిచేయునో, దారిలోని నునుపుగోడపై వెనుకటి సందర్శకులు చెక్కిన పద్యములు ఏ కాలమువో, శిఖరమున ఏ గోడ ఏ గదిదో చెప్పువారు లేనిచో చూచువానికి ఎండ, మెట్లు, ఇటుకలు మాత్రమే మిగులును. అనురాధపురము, పొలన్నరువ నగరముల శిథిలముల సంగతియు ఇంతే. శిథిలములకు నోరు లేదు. వానికి గైడు కావలెను. ప్రభుత్వపు అనుమతిపత్రము గల గైడులు శ్రీలంకలో ఉన్నారు. వారిలో ఒకరిని కుదుర్చుకొనుట వృథాఖర్చు కాదు. ఈ స్థలములను ఏ నెలలో చూచినను చూడవచ్చును. ఎండ ముదరకమునుపే, తెల్లవారగనే కొండ యెక్కిన చాలును.

ఉత్సవము అట్టిది కాదు. అది ఒక స్థలమున మాత్రమే కాక ఒక కాలమున కూడ ఉండును. ఆ కాలము యాత్రికుని సెలవులను బట్టి గాని, పర్యటనసంస్థ పట్టికను బట్టి గాని నిర్ణయమగునది కాదు.

శ్రీలంక ఉత్సవములలో పేరుగాంచినది కాండీ నగరపు ఎసల పెరహర. కాండీని సింహళ భాషలో మహనువర యందురు, మహానగరమని అర్థము. కొలంబోకు ఈశాన్యముగా కొండల నడుమ ఉన్న ఈ పట్టణమునకు 1867లో రైలుమార్గము చేరినది. అక్కడి దళదా మాళిగావ అను ఆలయమున బుద్ధుని దంతధాతువు కలదు. ఆ ధాతువు కళింగదేశమునందలి దంతపురమున ఉండెననియు, క్రీస్తుశకము 4వ శతాబ్దమున హేమమాల యను రాజకుమార్తె దానిని తన కొప్పులో దాచి భర్తయగు దంతకుమారునితో సముద్రము దాటి సింహళమునకు చేర్చెననియు బౌద్ధుల సంప్రదాయము చెప్పును. ఆ దంతపురము మన శ్రీకాకుళము జిల్లాలోని దంతవరపుకోట యని కొందరు చరిత్రకారుల అభిప్రాయము.

తెలుగువారికి కాండీతో మఱియొక బంధమును కలదు. 1739లో అక్కడి రాజు సింహాసనమునకు అర్హుడగు వారసుడు లేక మరణింపగా, మధుర నాయకుల బంధువర్గమునకు చెందిన రాణి తమ్ముడు సింహాసన మెక్కెను. మధుర నాయకులు తెలుగువారు. అట్లు ప్రారంభమైన ఆ వంశమున నలుగురు రాజులు 1815 వరకు కాండీని పాలించిరి. వారిలో రెండవవాడగు కీర్తిశ్రీ రాజసింహుడు బౌద్ధధర్మమును పునరుద్ధరించుటకై సయాము దేశమునుండి భిక్షువులను రప్పించెను. వారు 1753లో కాండీ చేరిరి. అంతకు పూర్వము పెరహర హిందూదేవతల ఊరేగింపుగా నుండెడిది. దంతధాతు పేటిక ఆ ఊరేగింపునకు ముందు నడచు ఏర్పాటు ఈ రాజు కాలమున జరిగెను. చివరివాడగు శ్రీవిక్రమ రాజసింహుని ఇంగ్లీషువారు 1815లో పట్టుకొని వేలూరు కోటకు పంపిరి. ఆయన 1832లో అక్కడనే మరణించెను. కాండీ నడుమ కనిపించు పెద్ద చెరువు ఆయన త్రవ్వించినదే. ఈ సంగతి తెలిసి చెరువుగట్టున నిలిచిన తెలుగు విద్యార్థి, తెలియక నిలిచినవానికంటె ఎక్కువ చూచును. అది కూడ సన్నాహమే. దానికి దమ్మిడీ ఖర్చు లేదు.

ఇక తేదీ. ఎసల యనగా ఆషాఢము. పెరహర ఆ మాసపు పేరు వహించినను, నికిని పూర్ణిమతో, అనగా మన శ్రావణ పూర్ణిమతో ముగియును. ఆ పూర్ణిమ 2023లో ఆగస్టు 30న వచ్చెను. 2024లో ఆగస్టు 19న వచ్చెను. 2025లో ఆగస్టు 8ననే వచ్చెను. 2023లో అధికమాసము పడుటచే పండుగ అంత వెనుకకు జరిగినది. ‘పోయిన సంవత్సరము నెలాఖరున జరిగినది గదా’ యని అదే తేదీకి టిక్కెట్టు కొన్నవాడు ఉత్సవము ముగిసిన వీధులను చూచి రావలసి యుండును. జపానులోని క్యోటో నగరమున గియోన్ ఉత్సవపు రథముల ఊరేగింపు జులై 17న జరుగును. థాయిలాండులో సోంక్రాన్ ఏప్రిల్ 13న మొదలగును. అట్టివానికి గోడమీది క్యాలెండరు చాలును. చాంద్రమానపు పండుగలకు మాత్రము పంచాంగము విప్పవలెను. ఈ విద్యలో మనవారికి పరుల సహాయము అక్కరలేదు.

తేదీ తెలిసిన పిమ్మట దానినుండి వెనుకకు లెక్కింపవలెను. మొదట దేవాలయముల ఆవరణలలో ‘కప’ నాటుదురు. అది పనసచెట్టు కొమ్మనుండి తీసిన కంబము. పిమ్మట ఐదు దినములు దేవాలయముల లోపలనే చిన్న ఊరేగింపులు జరుగును. ఆపైన ఐదు రాత్రులు కుంబల్ పెరహర వీధులలో సాగును. చివరి ఐదు రాత్రులు రందోలి పెరహర. రన్ అనగా బంగారము. డోలి మనకు తెలిసిన డోలీయే. రాత్రి రాత్రికి ఏనుగులును, నర్తకులును, జనమును పెరుగుచుందురు. చివరి రాత్రికి కాండీలో కాలు మోపుటకు చోటుండదు. బసల అద్దెలు మిన్నంటును. వీధి ప్రక్కన కుర్చీలు వేసి టిక్కెట్టు పెట్టి అమ్ముదురు. స్థానికులు మధ్యాహ్నమునుండియే చాపలు పరచుకొని, అన్నపు పొట్లములతో కాలిబాటలపై కూర్చుందురు. చిన్నపిల్లలతో పోవు కుటుంబమువారు చివరి రాత్రికై పట్టుపట్టక, కుంబల్ పెరహరలో ఒక రాత్రిని ఎన్నుకొనుట మేలు. వెలుగులు కొంత తక్కువగా ఉండవచ్చును; కాని ఊపిరాడును. ఏ రాత్రినైనను నెలల ముందుగానే బస కుదుర్చుకొనవలెను. ఆ దినములలో వాన కురియుట సామాన్యమే. గొడుగు విప్పినచో వెనుకవారికి కనబడదు కావున వానకోటు తీసికొనిపోవలెను. కొండచరియలు విరిగిపడి దారులు మూసికొనిపోవుట కూడ కలదు. బయలుదేరు దినమున రైళ్ళు నడచుచున్నవో లేదో విచారించుట మఱవరాదు.

చీకటి పడిన పిమ్మట మొదట వినబడునది కొరడాల చప్పుడు. వారి వెనుక నిప్పుబంతులు త్రిప్పువారు, జెండాలు పట్టినవారు వత్తురు. మొదటి ఏనుగుపై పెరమునరాల యను అధికారి తాటాకు గ్రంథమును పట్టుకొని కూర్చుండును. ఆ తరువాత మద్దెలలు, తాళములు, వెండి ఆభరణములు ధరించిన నర్తకులు. కొబ్బరి డొప్పలు మండు దివిటీల వెలుగులో ఇవన్నియు సాగుచుండగా, దారిపై తెల్లని బట్ట పరతురు. దానిపై అడుగుపెట్టుచు దంతధాతు పేటికను మోయు గజరాజు వచ్చును. దంతధాతువు ఆలయము విడిచి రాదు. ఏనుగుపై ఉండునది పేటిక మాత్రమే. ఐనను అది కనబడగానే కాలిబాటలపై కూర్చున్నవారు లేచి, చేతులు జోడించి, ‘సాధు, సాధు’ అందురు. ఆ వెనుక వరుసగా నాథదేవుని, విష్ణువు, కతరగమ దేవుడగు కుమారస్వామి, పత్తిని దేవి దేవాలయముల ఊరేగింపులు వచ్చును. పత్తిని మఱెవ్వరో కాదు, తమిళుల కణ్ణగియే. ఒక బౌద్ధోత్సవమున విష్ణువును, కుమారస్వామియు, కణ్ణగియు కలిసి నడచుట చూచినవారికి, వేర్వేరు మతములవారు ఒకచోట ఎట్లు కలిసి మెలగిరో ఏ గైడును చెప్పనక్కరలేకయే తెలియును.

పేటికను మోయు ఏనుగులలో రాజా యను పేరుగలది ప్రసిద్ధి కెక్కినది. అది 1988లో మరణించెను. దాని కళేబరమును చెడకుండ భద్రపరచి ఆలయావరణమున ఉంచిరి. పగటివేళ పోయి చూడవచ్చును. ఏనుగుల విషయమున నాణెమునకు రెండవ వైపును ఉన్నది. 2019లో ‘తికిరి’ యను డెబ్బదియేండ్ల ముసలి ఏనుగు బక్కచిక్కిన దేహముతో అలంకారవస్త్రముల క్రింద నడచుచున్న సంగతి ఛాయాచిత్రముల మూలమున లోకమునకు తెలిసి, పెద్ద విమర్శ వచ్చెను. దానిని ఊరేగింపునుండి తప్పించిరి; కొలది వారములకే అది మరణించెను. ఉత్సవమును గౌరవించుట యనగా అందులోని బాధను చూడకుండుట కాదు.

చూడబోవువారు పాటింపవలసిన మర్యాదలు కొన్ని కలవు. ఆలయములోనికి భుజములును మోకాళ్ళును కప్పు దుస్తులతో, పాదరక్షలు విడిచి పోవలెను. తెల్లని దుస్తులు స్థానికుల వాడుక. 1998లో ఆలయముపై బాంబుదాడి జరిగినందున ద్వారమున సోదా చేయుదురు, దానికి విసుగుకొనరాదు. బుద్ధవిగ్రహమునకు వీపు త్రిప్పి ఛాయాచిత్రము తీయించుకొనుట అక్కడ అపచారము. ఏనుగుల కన్నులలో మెరుపుదీపము కొట్టరాదు. పూర్ణిమనాడు సెలవు, ఆనాడు మద్యము అమ్మరు. శాకాహారులు మఱియొక జాగ్రత్త తీసికొనవలెను. సింహళవంటలలో ‘ఉంబలకడ’ యను ఎండుచేపల పొడిని కూరగాయలలోను, కొబ్బరి పచ్చడిలోను కూడ కలుపుట వాడుక. ‘మాంసము లేదు గదా’ యని అడిగిన చాలదు. చేపపొడి సంగతి కూడ అడుగవలెను.

రెండు మాటలు నేర్చుకొని పోయినచో ముఖములు వికసించును. నమస్కారమునకు బదులు ‘ఆయుబోవన్’ అందురు. ఆయువు కలుగుగాక యని దాని భావము. కృతజ్ఞత తెలుపుటకు ‘స్తూతి’ అందురు; అది మన స్తుతియే. ఇంతకు మించి భాష రానివారికి ఒక వింత చెప్పవలెను. శ్రీలంకలో అహికుంటికులను ఒక సంచారజాతి కలదు. పాములాడించుట వారి కులవృత్తి. వారి ఇంటిభాష తెలుగులో ఒక మాండలికము.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు కాండీ పెరహరకు ప్రేక్షకులను రానీయలేదు. 2021లోను అంతే. టిక్కెట్టు కుర్చీలు లేవు, విదేశీయులు లేరు, కాలిబాటలపై చాపలు లేవు. ఐనను కొరడాలు మ్రోగెను, దివిటీలు వెలిగెను, తెల్లని బట్టపై గజరాజు నడచెను. చూచువారు లేరని ఉత్సవము ఆగలేదు. అది చూచువారికై జరుగునది కాదు. పర్యటనసంస్థల పట్టికలో పెరహర ‘సాయంకాలపు కార్యక్రమము’గా కనబడవచ్చును. కాండీవారికి మాత్రము అది వ్రతము. యాత్రికుడు పిలువని పేరంటమునకు వచ్చిన అతిథి. ఆ యింటివారు చోటిచ్చిరి, కూర్చుండనిచ్చిరి.

చివరి రాత్రి రందోలితో అంతయు ముగిసినదని తలచి చాలమంది యాత్రికులు బయలుదేరిపోవుదురు. ఇంకొక దినము నిలుచుటకు ముందుగానే ఏర్పాటు చేసికొనదగును. నాలుగు దేవాలయముల పూజారులు తెల్లవారుజామున గెటంబె వద్ద మహావలీ నదికి పోయి, కత్తితో నీటిలో వలయముగా గీసి, ఆ వలయమునందలి నీటిని కుండలలో పట్టుకొందురు. ఆ దినమున పగటి పెరహర జరుగును. ఎండలో ఏనుగుల అలంకారములు స్పష్టముగా కనబడును. ఆ కుండలను దేవాలయములలో ఒక సంవత్సరము భద్రపరతురు. మరుసటి యేడు అదే రేవున పాతనీటిని నదిలో వదలి, క్రొత్తనీటిని పట్టుదురు.